ఎడమ వైపు

కాగితం మీద అయిదు గళ్లు.
"మీ ఆట ఏ స్థాయిలో ఉంది? మీరే టిక్కు పెట్టండి."
రింక్ పక్కన బెంచీ మీద కూర్చుని
అద్దె బూట్ల తాళ్లు బిగిస్తూ చదివాను.
కింద పార్కింగులో మే నెల, నలభై మూడు డిగ్రీలు,
బండి సీటు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.
ఇక్కడ నా కళ్లద్దాల మీద ఆవిరి.

మూసాపేటలో బంగారం మీద అప్పులిచ్చే ఆఫీసులో
పందొమ్మిదేళ్లుగా నాది గీటురాయి ఉద్యోగం.
గాజు తెచ్చినా గొలుసు తెచ్చినా
అందరిదీ ఒకటే మాట: "ఇరవై రెండు క్యారట్లే సార్."
తక్కువుందని చెప్పి తెచ్చినవాళ్లు ఇంతవరకు లేరు.
నేను మొహాలు చూడను.
నల్లరాయి మీద ఒక గీత, గీత మీద ఒక యాసిడ్ చుక్క.
ఇత్తడైతే పచ్చగా పొంగుతుంది.
ఆ తర్వాత ఎవరూ మాట్లాడనక్కర్లేదు.

ఇవాళ కౌంటరుకి ఇవతలి పక్క నేను.

పెన్ను తనంతట తనే మూడో గడిలో టిక్కు పెట్టేసింది.
మూడంటే ఎంత మర్యాదైన అంకె!
గొప్పలు చెప్పుకున్నట్టూ ఉండదు, చిన్నబుచ్చుకున్నట్టూ ఉండదు.
లెక్క కూడా వేశాను:
ఈ ఊళ్లో మంచు మీద కర్ర పట్టే పెద్దవాళ్లం
నాకు తెలిసి పద్నాలుగు మందిమి.
అందులో నేను ఆరో, ఏడో.
చెట్టులేని చోట ఆముదం చెట్టు...
సామెత పూర్తిచేసేలోపు
శర్వాణి నా ముందునుంచే వెనక్కి వెనక్కి పోయింది,
పదకొండేళ్ల పిల్ల, జడ గాల్లో,
తల తిప్పి చూడకుండానే వెనక్కి.
నేను వెనక్కి పోవడమంటే
నిండు సాంబారు గిన్నెతో గుమ్మం దాటినట్టుంటుంది.

సరే, మొహం చూడకుండా చూద్దాం.
ఎవరూ లేని మూలకి పోయి
కుడివైపుకి ఒరిగి ఆగాను.
సర్రుమని కొబ్బరి తురుములా పొడి లేచింది.
కురచగా, వెడల్పుగా ఒక గీత.
ఇది సొమ్మే. దీని మీద ఎవరికైనా అప్పిస్తాను.
ఎడమవైపుకి ఒరిగాను.
ఆగలేదు. గోడ ఆపింది.
తిరిగి చూస్తే పొడుగ్గా, సన్నగా, వణుకుతూ ఒక గీత.
యాసిడ్ వెయ్యక్కర్లేదు దానికి.

మూడేళ్లుగా ప్రతి మ్యాచ్‌లో
నేను కుడివైపుకే తిరుగుతున్నానని
అప్పుడు ఒప్పుకున్నాను.
పక్ ఎడమకి పోతే "నీదే! నీదే!" అని అరుస్తాను,
ఎంత పెద్ద మనసో అనుకుంటారు జట్టులోవాళ్లు.
ఏసీలు బాగుచేసే ఇంతియాజ్, మా గోలీ, ఒక్కడే కనిపెట్టాడు.
"అన్నా, ఎడమ దిక్కు నీ బాకీవాళ్లు ఉంటరా ఏంది?"
ఆరోజు నవ్వి ఊరుకున్నాను.

మూడు కొట్టేశాను. రెండు పెట్టబోయి ఆగాను.
రెండు కూడా నిజం కాదు,
అన్నీ కలిపి కరిగిస్తే వచ్చే అంకె అది.
నా దగ్గరున్నది అతుకుల నగ,
పైన కాస్త మేలిమి, లోపల లక్క.
అద్దం అవతల ఎవరో చూస్తున్నారని తెలిస్తే
నిటారుగా లేచే నడుముంది చూశారూ,
దాన్ని తరుగు కింద తీసెయ్యాలి.
మరి పడ్డాక లేవడం?
దానికసలు గడే పెట్టలేదు వీళ్లు.

కాగితం అడుగున రాశాను:
"కుడివైపు ఆగగలను. ఎడమవైపు ఆగలేను.
వెనక్కి పోవాలంటే భయం. పడితే లేస్తాను."
సంతకం చేశాక చూస్తే
రోజూ నేను రాసిచ్చే రసీదులాగే ఉంది.

కోచ్ రిగ్జిన్‌ది లద్దాఖ్,
గడ్డకట్టిన చెరువు మీద ఆట నేర్చాడు.
తెలుగులో పది దాకా అంకెలొచ్చు, అంతే.
శర్వాణితో చదివించుకున్నాడు.
ఆ పిల్ల ఒక్క ముక్క వదలకుండా, గట్టిగా,
పద్నాలుగు మందికీ వినపడేలా హిందీలో చెప్పింది.
అతను నవ్వలేదు.
బోర్డు మీద నా పేరున్న బిళ్ల తీసి
ఇటునుంచి అటు జరిపాడు.
ఎడమ వింగ్.

గోల్లోంచి ఇంతియాజ్
కర్రతో మంచుని రెండుసార్లు తట్టాడు.
గోడ ఎంత దూరమో కళ్లతో కొలుచుకుంటూ
గేటు తీశాను.