బాజీ గీసిన దారి

ఆరు రోజులు మిర్చి యార్డు గేటు దగ్గర
లారీలకి చీటీలు రాసి రాసి
ఆదివారానికి నా దగ్గు కూడా ఎర్రబడుతుంది.
సైకిలు కొన్నది అందుకే.
పాతదే. టైర్లు మాత్రం
గోతాలు కుట్టే దబ్బనమంత సన్నం.

ఆనందపేటలో పంచర్లు వేసే బాజీ
బొటనవేలితో గాలి నొక్కి చూసి
"దీనికి పెద్ద రోడ్డు కాదమ్మా, ఖాళీ రోడ్డు కావాలి" అన్నాడు.
నిరుటి క్యాలెండర్లో ఆగస్టు చింపి
వెనకవైపు గ్రీజు వేలుతోనే గీత మొదలుపెట్టాడు.

ఊళ్ల పేర్లు లేవందులో.
బాతులు.
తీపి నీళ్ల బోరు.
తోక తెగిన కుక్క: దిగి నడిస్తే ఏమీ అనదు.
మూడు చోట్ల మాత్రం
రెండుసార్లు దిద్ది మరీ రాశాడు, ఎత్తు అని.

సంగం జాగర్లమూడి లాకుల దగ్గర
తెల్లారకముందే పెద్ద రోడ్డు వదిలేశాను.
హారన్లు ఎక్కడ ఆగాయో తెలీదు,
ఎప్పటికో గొలుసు చప్పుడు వినపడి
ఓహో ఇది నాదే అనుకున్నాను.
కాలవ కూడా సముద్రానికే పోతోంది,
దానికేం తొందర లేదు.
లకుముకి ఒకటి తీగ మీద,
ఎప్పుడు చూసినా నాకంటే ఒక్క స్తంభం ముందు.

బాతులున్నాయి, ఆ బాతుల మనవలేమో.
కుక్క లేదు.
అయినా దిగి నడిచాను.

ఒకచోట రోడ్డంతా మినప కట్టె పరిచారు,
వచ్చేపోయే బండ్లు నూర్చిపెడతాయని.
నేనాగిపోతే, చేట పట్టుకున్న ముసలామె నవ్వింది.
"నీ బండి తొక్కితే గింజ కూడా రాలదులే, పోవే!"
పెళపెళమంటూ పోయాను.
ఆ చప్పుడు ఇంకా నా మడమల్లో ఉంది.

ఎత్తులు మాత్రం దొరకలేదు.
మొదటి చోట చిన్న తూము.
రెండోచోట అదీ లేదు, ఉత్త రోడ్డు.
మూడోది బాపట్ల రైలు గేటు,
బడిపిల్లలు చేతులొదిలేసి దాటుతున్నారు.
బాజీకి వయసైపోయింది, అనుకున్నాను.

సూర్యలంక ముందర సరుగుడు తోపుల్లో
గాలి ఎదురు తిరిగింది.
ఇసక రోడ్డెక్కి కూర్చుంది.
చక్రం దిగబడ్డచోట నేనూ దిగాను.
అలల కంటే ముందు
ఎండుచేపల వాసన వచ్చి పలకరించింది.

కొట్టు కట్టేసే వేళకి వెళ్లి చెప్పాను,
నీ ఎత్తులేవీ లేవు బాజీ, అంతా పళ్లెంలా ఉంది.
స్పానరు తుడుచుకుంటూ అన్నాడు:
"రెండు తట్టల ఎండుచేపలు, డెబ్బై కిలోలు.
పదహారేళ్లు.
ఆ తూము దగ్గర రోజూ దిగి తోసేవాణ్ణి."

ఆ ఉత్త రోడ్డు దగ్గర?
"అక్కడికొచ్చేసరికి ఆకలేసేది."

మరి కొండవీడెప్పుడైనా…
"కొండ మీద చేపలెవరు కొంటారమ్మా?"

తర్వాతి ఆదివారం ఫిరంగిపురం మీదుగా పోయాను.
ఘాట్ రోడ్డు నన్ను తూకం వేసింది.
పొద్దున తిన్న రెండిడ్లీలు, జేబులో తాళాలు,
ఏనాడో మింగిన మాటలు,
దేన్నీ వదల్లేదు.
అయిదో మలుపులో దిగిపోయాను.
ఒక్క తొండ చూసింది, తలూపింది.
పైన కూలిన గోడ, సీతాఫలం పొదలు,
ఎవరి కోసమో నిండుగా ఉన్న చెరువు.
దూరంగా గుంటూరు మీద ఎర్రగా ఏదో,
పొద్దో, మన దుమ్మో.
గుండెలనిండా పీల్చాను. దగ్గు రాలేదు.

సెప్టెంబరు చింపి
ఈసారి నేను గీశాను.
కోతులు. నీడ.
ఇక్కడ దిగాను.
ఇక్కడ కూడా.

బాజీ కాగితాన్ని మోకాలి మీద పరిచి
గ్రీజు వేలితో ఒక్కో మలుపూ ఎక్కాడు,
నిజంగానే రొప్పుతూ.
చెరువు దగ్గర కాసేపాగాడు.
ఆ తర్వాత వేలు కిందికి జారుతుంటే
ఎడం చెయ్యి దానంతటదే లేచి
గాలిలో బ్రేకు పట్టుకుంది.