రబ్బరు ముక్క

పొద్దున్న ఏడింటికి మేడెక్కి
డెల్ఫీనా అరోయో
రబ్బరు ముక్కను విల్లులా వంచుతుంది,
గాజు గొట్టంలోకి దూర్చి
గడియారం చూసుకుంటుంది.

పనల్లా ఇదే. చూడ్డం.
ఎన్ని నిమిషాలకు తొలి పగులు కనిపిస్తే
ఆ లెక్కన ఊరిగాలిలో ఓజోను.
పొద్దుటి ముక్క గంటైనా చెక్కుచెదరదు.
మధ్యాహ్నపు ముక్క
నిన్న పదకొండు నిమిషాలు, మొన్న తొమ్మిది.

లాస్ ఏంజెలెస్. యాభై అయిదు, సెప్టెంబరు.
కొండలు ఎక్కడివక్కడే ఉన్నాయి,
ఉన్నాయని నమ్మాలి.

డెల్ఫీనా ఇంటి కింది వాటాలో థర్జా కాబెట్,
లండన్ నుంచి వచ్చిన ముసలమ్మ,
దీన్ని పొగమంచంటే ఒప్పుకోదు.
"మాది బొగ్గుది. గంధకం కంపు.
మంచు బొట్టు బొట్టులోనూ ఆమ్లం.
చెయ్యి చాపితే వేళ్లు కనపడేవి కావు.
మా ఆయన లాంతరు పట్టుకుని
బస్సు ముందు నడిచాడు, డిపో దాకా.
బస్సు చేరింది.
ఆయన ఆ దగ్గులోంచి తిరిగి రాలేదు.
మీదేముంది, ఎండలో వండిన కూర!"

వండిన అన్న మాట దగ్గర
డెల్ఫీనా ఆగిపోయింది.
వంటే మరి.
కారు గొట్టం వదిలిన నైట్రిక్ ఆక్సైడు
మెల్లగా ఇటుకరంగు తిరుగుతుంది.
ఎండ దాన్ని చీలిస్తే
ఒక్క ఆక్సిజన్ పరమాణువు ఊడిపడుతుంది.
ఒంటరిది, ఊరుకోదు,
జంటగా పోతున్న ఆక్సిజన్‌ని పట్టుకుని
మూడై కూచుంటుంది.
రబ్బరును కొరికేది ఆ మూడే.
మామూలుగా అయితే నైట్రిక్ ఆక్సైడే మళ్లీ వచ్చి
తన బాకీ తాను రాబట్టుకుపోయేది.
పెట్రోలు ఆవిరి మధ్యలో దూరి
దాని చేతిలో వేరే ఆక్సిజన్ పెట్టి పంపేస్తుంది.
బాకీ ఇక అట్లాగే పెరుగుతుంది.
ఇటు సముద్రపు చల్లగాలి, అటు కొండ,
పైన వెచ్చటి గాలి మూత.

సాయంత్రం అయిదున్నర.
కళ్లు తుడుచుకుంటూ తన పాత ప్లిమత్ దగ్గరికొచ్చి
తాళంచెవి జారితే వంగింది.
టైరు పక్కన
సన్నటి పగుళ్లు. వెంట్రుకల్లా, వందలు.
దీనికి ఏ గడియారమూ పెట్టలేదు.
మోకాళ్ల మీద కూచుని
వేలితో తడుముతూ లెక్కపెట్టబోయి
ముప్పైనాలుగు దగ్గర తప్పింది.

ఇల్లు పన్నెండు మైళ్లు.
ఆ దారిన ట్రాము పోయినేడే ఎత్తేశారు.

కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని
ఊరికే కూచుంది.
వెనక ఎవడో హారను కొట్టాడు,
చోటు కావాలి వాడికి.

ఇంజను ఆన్ చేసింది.