ఎడమ పక్కకు చూడు

ఆదివారం ఆబిడ్స్‌లో, మూసిన బట్టల షాపు మెట్ల మీద
పుస్తకాలు పరిచే బుచ్చిరాములు
ముందు ధర చెప్పడు. చేతులు చూస్తాడు.

మంచిదొకటి ఇయ్యమన్నాను.
అట్ట ఊడినదాన్ని దులిపి,
"కథ మామూలే. గానీ పదకొండో పేజీల
దావత్‌ల కూసొని ఉప్పెట్ల అడగాల్నో ఉన్నది.
ఇప్పుడెవలికీ తెల్వదు."
ముప్పై రూపాయలు.

చిల్లర ఏరుతూ, అడగకుండానే
ఒక సినిమా చెప్పాడు.
మూడో రోజే ఎత్తేసిన్రట. తనూ చూడలేదు.
"హీరోను ఇడిసిపెట్టు. రెండో పాటల
ఎడమ పక్కకు చూడు.
మూసీ. నీళ్ళున్న మూసీ.
బండ మీద బట్టలుతికేది మా అమ్మనట,
ఆమెనే చెప్పేది."

నెలలు వెతికితే దొరికింది.
గీతలు పడ్డ బొమ్మ,
పెదవులొక చోట, పాటొక చోట.
ఎడమ పక్కన ఐదుగురు ఆడవాళ్ళు,
ఐదు వీపులు. ఏడు సెకండ్లు.
వెనక్కి తిప్పాను, మళ్ళీ తిప్పాను,
ఒక్కరూ ఇటు తిరగలేదు.

"కనబడ్డదా?" అన్నాడు, పుస్తకాల మీద
ప్లాస్టిక్ కవరు కప్పుతూ. చినుకులు మొదలయ్యాయి.
"ఏ రంగు చీర?"

నలుపు తెలుపు సినిమా అది.
పచ్చది, అన్నాను.

తప్పకుండా చూడండి.
ఎప్పుడైనా ఆ మెట్ల దగ్గర
మిమ్మల్నీ అడిగితే
పచ్చదనే చెప్పండి.