గుర్రపు నాడా

యాంబుల్‌సైడ్‌లో పొద్దున్నే కట్టిన బూటు లేసు
సాయంత్రం యాంబుల్‌సైడ్‌లోనే విప్పాలట.
దీనికా ఇంత చుట్టు? అన్నాను.
హిల్డా ఏమీ అనలేదు,
గేటుకి గొళ్ళెం పెట్టింది.

సున్నం ఎరగని రాతిగోడ
కొండ వీపున పాత కుట్టులా పోతోంది.
దాని వెంటే ఎక్కాం.
పైన మబ్బు మింగేసింది మమ్మల్ని.
నాలుగు రాళ్ళ గుట్టలు,
నాలుగింటిదీ ఒకటే పోలిక.
ఎక్కడో ఒక గొర్రె దగ్గింది
అచ్చం మనిషిలా.
"ఎవరూ?" అన్నాను, తెలుగులో.
హిల్డా నవ్వింది, అర్థమైనట్టే.

దిగుతుంటే మోకాళ్ళు మాటలు మొదలెట్టాయి.
ఎక్కేటప్పుడు వీపు వెనకున్న సరస్సు
ఇప్పుడు ఎదురొచ్చి నిలబడింది,
నన్నెప్పుడూ చూడనట్టు.

పార్కింగ్ టికెట్టు గడువు
నలభై నిమిషాల కిందటే తీరింది.
తడికి లేసు ముడి బిగుసుకుపోయింది.
విప్పడానికి
మెట్టు మీద ఇద్దరం కూచున్నాం.