డ్రిప్పు పైపు

షార్జా నుంచి దుబాయికి పోయే రోడ్డు
పొద్దుగాల ఆరింటికే ఆగిపోతది.
నడుమ రెండు గజాల మట్టి.
అండ్ల పూలు పెట్టేది నేను, లింబాద్రిని,
పద్నాలుగేండ్లాయె.

కారుల కూసున్నోళ్లకు పూలు కనవడ్తయి.
మోకాళ్ల మీద వంగిన నాకు
పొగగొట్టం కనవడ్తది,
సరిగ్గ ముక్కు ఎత్తుల.
ఏది డీజిలో, ఏ ఇంజను ఖరాబైందో
కండ్లు మూసి చెప్త.
మూతికి కట్టిన దస్తి పొద్దుగాల తెలుపు,
మాపటికి పెనం అడుగు.

మొన్న కంపెనీ దవఖానల
మెడకు సల్లటి జిగురు రాసి
డాక్టరమ్మ తెర మీద చూపెట్టింది:
నలుపుల ఒక దారి,
దాని గోడ దొడ్డుగైంది, బిర్రుగైంది.
"నీకెన్నేండ్లు?"
నలబై రెండు.
"ఈ నరానికి అరవై."
నా మెడల నరం నాకు తండ్రి వరస.

"బీడీ తాగుతవా?"
నవ్వొచ్చింది.
తాగనమ్మా, మా ఇంట్ల చుడ్తరు.
లసుమవ్వ దినాం వెయ్యి చుట్టి
ఒక్కటి ముట్టియ్యదు.
నేనూ ఒక్కటి ముట్టియ్యకుంట
షార్జా అంతా తాగిన.

నాకు ఎరికైన ఇద్య పైపులే.
ఎండకు డ్రిప్పు పైపు మెత్తదనం ఇడుస్తది,
లోపట ఉప్పు పేరుకుంటది.
పైకి మంచిగనే ఉంటది, నల్లగ, నున్నగ.
బొటనేలుతోని ఒత్తి చూడాలె.
వంగి మల్ల లేస్తే పానమున్నట్టు.
లేకుంటె పటుక్కున పలుగుతది,
అప్పటికే కొసకున్న నాలుగు మొక్కలు
తలకాయలు వాలేసి ఉంటయి.
అంత మేర కోసి, కొత్త ముక్క అతికి
రెండు క్లిప్పులు బిగిస్త. పది నిమిషాల పని.

డాక్టరమ్మా, ఇది కోసుడెట్ల?

ఆమె గోలీలు రాసింది.
పొగ లేని కాడ పని అడుగుమన్నది.
ఫోర్మన్ రషీద్ భాయ్ కాయితం రెండుసార్లు చదివి
"గట్లాంటి సైటు మన కంట్రాక్టుల లేదు" అన్నడు,
తప్పు చేసినోని లెక్క తల గోక్కుంట.
ఆయన దగ్గు నాకంటె పాతది.

మాపటీలి ఫోనుల లసుమవ్వ అడిగింది, ఏమన్నరని.
నీళ్లు మస్తు తాగుమన్నరు, అన్న.
నువ్వు తంబాకు పోసెటప్పుడు
ముక్కుకు కొంగు కట్టుకో, అన్న.
"నువ్వు కట్టుకుంటున్నవా?"
కట్టుకుంటున్న.
అటు దిక్కు కత్తెర సప్పుడు ఆగింది.
చానసేపటికి మల్ల మొదలైంది.

ఇయ్యాల ఎర్ర పెటూనియాలు, ఆరు వందలు నాటాలె.
నూరో మొక్క కాడ నడుము ఎత్తి
బొటనేలు మెడ మీద పెట్టి
ఒత్తి చూసిన.
కొట్టుకునేది నరమో,
పక్కన ఆగిన టిప్పరో
తెల్వలె.