బి అక్షరం ఎవరిది

మర్రకేతా రొట్టె మా ఊళ్ళో పుట్టుకతోనే చీలి ఉంటుంది.
నడిమి గీత పట్టి విరిస్తే
చేతికో సగం వస్తుంది.
నాహువెల్ తెచ్చిన కీబోర్డూ అంతే.
మా అక్క కొడుకు. రాత్రంతా టంకం పెట్టి
రెండు వేళ్ళు కాల్చుకుని మరీ చేశాడు.
"పిన్నీ, మణికట్లు అంటున్నావుగా,
ఇక భుజాలు ముడుచుకోనక్కర్లేదు.
ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క అక్కడ."
అక్కడ అంటే టీ కప్పుకి అవతల.

మొదటి రాత్రి ఓడ అని కొట్టబోయాను.
బార్కో.
వల్పరాయిసో రేవు కస్టమ్స్‌లో
ముప్పై ఏళ్ళుగా, రోజుకి రెండొందలసార్లు కొట్టే మాట.
బి కోసం కుడి చూపుడువేలు దూకింది.
దూకిన చోట బల్ల.
ఉత్త బల్ల.
తెర మీద ఆర్కో అని పడింది.
ఓడ పోయి విల్లు మిగిలింది.

అప్పుడు తెలిసింది,
బి కాపురం ఎడమ ముక్కలోనని,
ఇన్నేళ్ళూ నా కుడి చెయ్యి
పొరుగింటి పెరట్లో దూరి
నిమ్మకాయలు కోసుకొస్తోందని.

ఎన్యే సంగతి మరీ ఘోరం.
దానికి విడిగా మీట మిగల్లేదట,
బొటనవేలు అదిమిపెట్టి ఇంకోటి నొక్కాలట.
నా ఇంటిపేరు పెన్యలోసా.
ఎన్ నెత్తిన ఆ చిన్న అల లేకపోతే
ఇంటిపేరు ఎండిపోతుంది. సరే.
సంవత్సరమనే మాట మాత్రం
నలుగురిలో పలకరాని అవయవమైపోతుంది.
సముద్రపు నాచు మీద ఎవరో కుర్రాడి థీసిస్ టైపు చేస్తూ
ఈ పరిశోధనకి అవి మూడు పట్టాయని కొట్టేసి
అర్ధరాత్రి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను.

ఆరు వారాలకి చేతులు కుదురుకున్నాయి.
రాత్రుళ్ళు అవి ఎడంగా, ఛాతీ తెరుచుకుని,
కిటికీ గట్టు మీద ఆనుకుని
ఓడల్ని చూసే మనిషిలా కూచుంటాను.
పొద్దున్నే ఆఫీసులో మళ్ళీ ఆ ఒంటిపలక.
ఏ చెరిగిపోయింది, స్పేస్ ఒకవైపే దిగుతుంది.
సొంతది తెచ్చుకుందామంటే
కన్నాలన్నిటికీ జిగురు పూసేశారు, భద్రతట.
దాని మీద నా రెండు చేతులూ
ఇరుకు లిఫ్టులో ఎదురుపడ్డ
విడిపోయిన మొగుడూపెళ్ళాల్లా
మోచేతులు దగ్గరికి లాక్కుంటాయి.

మంగళవారం పాస్‌వర్డ్ తిప్పికొట్టింది.
మూడుసార్లు. ఎర్రగా.
"ఏం పెట్టుకున్నారో గుర్తుచేసుకోండి, దోన్యా ఎదెల్మీరా"
అన్నాడు కంప్యూటర్లు చూసే ఎలియాసర్.
నాకేం తెలుసు?
పదకొండేళ్ళుగా అది వేళ్ళకి తెలుసు.
నాకెప్పుడూ చెప్పలేదు.

పలక పక్కకి నెట్టి
వట్టి చెక్క మీద జానెడు ఎడంగా చేతులు పెట్టాను.
కొట్టుకోండి, చూస్తాను, అన్నాను వాటితో.
ఎడమ చిటికెన. కుడి ఉంగరపు వేలు.
ఆ తర్వాత రెండు చూపుడువేళ్ళూ ఒక్కసారే వంగాయి,
రెండూ ఆగాయి,
మీరు కానివ్వండి, అబ్బే మీరే కానివ్వండి అని
గుమ్మం దగ్గర ఇద్దరు మర్యాదస్తుల్లా.
ఓహో.
లోపల రెండేసి బి లు పడుతున్నాయన్నమాట.

అదొక చేప పేరు. ఇంతకన్నా చెప్పను.
టైపు బడిలో మొదటిరోజు పిల్లలా
ఒంటివేలితో ఒక్కొక్కటే కొట్టాను.
తెరుచుకుంది.
నలభై రెండు సరుకు పత్రాలు ఎదురుచూస్తున్నాయి.
"దొరికిందా?" అన్నాడు ఎలియాసర్.
చేతులు దెబ్బలాడుకున్నాయని ఎలా చెప్పను?
క్యాప్స్ ఆన్‌లో ఉందన్నాను.

సాయంత్రం కొండెక్కే బండి.
ఒకే తాడుకి రెండు పెట్టెలు,
ఇది పైకొస్తే అది కిందికి.
సరిగ్గా సగం దారిలో ఒక్క క్షణం
దిగే పెట్టెలోని ఆడమనిషి భుజం
నా భుజం ఎత్తుకొచ్చింది.
ఆవిడ చేతిలో రొట్టెల సంచి.

ఇంటికొచ్చి టీ పోసుకున్నాను.
మర్రకేతా విరిచాను.
రెండు ముక్కల నడుమ, సరిగ్గా బి లేనిచోట,
ఒక పలుకు రాలింది.
అద్దుకుని తిన్నాను,
కుడి చూపుడువేలితోనే.