గోకకు, తట్టు

గోకకు అరాబా, తట్టు.
అరచేత్తో, మెల్లగా,
ఉలిక్కిపడ్డ పసిబిడ్డ వీపు తట్టినట్టు.
గోరు దిగితే మాడు చిట్లుతుంది.
చిట్లితే వేయడానికి నా దగ్గర మందు లేదు,
ఉన్నవల్లా దువ్వెనలూ, ఒక మొండి కత్తెరా.

టాకొరాడీ రేవు ఆఫీసులో బిల్లులు కొట్టే పిల్ల.
నాలుగు వారాల కిందట
ఈ నీలం కంటెయినర్ కొట్లోనే, ఈ కుర్చీలోనే
"గట్టిగా లాగు ఆంటీ, రెండు నెలలు ఉండాలి" అంది.
లాగాను.
కరెంటు బిల్లుకు అదే ఆఖరి రోజు,
కాదనే ఓపిక లేదు.
కనుబొమలు పైకెక్కిపోయి
మూడు రోజులు ఏ మాట విన్నా
ఆశ్చర్యపోయినట్టే కనబడిందట.
దిండు మీద తల ఆనించలేక
గోడకు కూర్చునే నిద్రపోయిందట.
ఇవాళ నవ్వుతూ చెబుతోంది.
నాకు నవ్వు రాలేదు.

హార్మట్టాన్ గాలి మొదలైంది.
ఎడారి పొడి వచ్చి అద్దం మీద కూర్చుంటోంది.
పెదవి పగిలితే పదిమందికీ కనబడుతుంది,
సవరం కింద మాడు పగిలితే
ఎవరు చూడొచ్చారు?
మొన్న శనివారం ఎసిల్ఫీ వాళ్ళ అంత్యక్రియల్లో
పాస్టరు గొంతు పెంచినప్పుడల్లా
ముందు వరుస ఆడవాళ్ళంతా తలలు కొట్టుకున్నారు
టప్, టప్, టప్.
దుఃఖమనుకున్నాడు పాపం.
నాకు తెలుసు.
అందులో ఏడు తలలు నేను కుట్టినవే.

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు.
ఇక్కడ కత్తిపీట హాయిగానే ఉంటుంది.
పద్దెనిమిది అంగుళాల కొన్న జుట్టు
ఎండకు మెరుస్తూ, గాలికి ఊగుతూ
ఏ నొప్పీ ఎరగదు.
ఎవరిదో, పాకెట్ మీద రాయరు.
ఆమె తల ఈపాటికి
చల్లగా ఉండి ఉంటుంది.

విను, మళ్ళీ చెప్పను.
షాంపూ నీళ్ళలో కలిపి మొన ఉన్న సీసాలో పోసుకో,
అల్లికల మధ్య దారుల్లో
మొక్కల పాదుల్లోకి వదిలినట్టు వదులు.
పైన ఆరితే ఆరినట్టు కాదు.
లోపల తడి మిగిలితే మూడో రోజుకు
బకెట్లో మరిచిన తువ్వాలు వాసన
నీకంటే ముందు ఆఫీసుకు చేరుతుంది.
నూనె రెండు చుక్కలు చాలు, ఇది చేప వేపుడు కాదు.
పడుకునేముందు శాటిన్ గుడ్డ.
ఇక పెన్ను మూతతో గోకడం మాను,
చెవి వెనక నీలం ఇంకు దొరికిందే తల్లీ!

దారం తెంపాను. వరస తర్వాత వరస.
చెంపల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.
ఆవగింజలంత తెల్లటి పొక్కులు,
దువ్వెన పళ్ళలో
వేళ్ళతో సహా వచ్చేసిన నాలుగు వెంట్రుకలు.
జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందనే సామెతలో
జుట్టు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేదు ఎవరూ.

నేనేమీ అనలేదు.
తలగుడ్డ ముడి విప్పి కాస్త వెనక్కి జరిపాను.
ఇరవై ఏడేళ్ళుగా ఏ గిరాకీకీ చూపించని చోటు,
చెవి నుంచి చెవి దాకా
నున్నటి కాలిబాట.
అద్దంలో చూసింది. చూపు తిప్పేసుకుంది.
కాసేపటికి అంది,
"వచ్చే శనివారం మా చెల్లెలి నిశ్చితార్థం ఆంటీ.
ఫొటోలుంటాయి."
ఉండనీ.
మూడు వారాలు దాన్ని ఊపిరి పీల్చుకోనీ.
పక్క కొట్టుకు వెళ్తావా, వెళ్ళు,
నేను మాత్రం కుట్టను.

వెళ్ళలేదు. తల వెనక్కి వాల్చింది.
గోరువెచ్చని నీళ్ళు పడగానే
ఇందాకటి నుంచీ ఊగుతున్న కాలు ఆగింది.
వేళ్ళ కొసలతో రుద్దుతుంటే
నోరు కొంచెం తెరుచుకుంది, గురక మొదలైంది.
"కడిగినందుకు ఎంత రాయను?" అంటోంది మాన్సా
పుస్తకం తెరిచి.
ముందు ఆ రేడియో తగ్గించు.

బయట పొడిగాలి.
తడి చెయ్యి తుడుచుకుని
గుడ్డ మీంచే నా తల తట్టుకున్నాను
టప్, టప్.